అర్ధచిత్రము: కొయ్యపై ఒక వేసవి చదువు

మన శిల్పశాస్త్రములు రూపమును మూడు తెగలుగ విభజించినవి. నలువైపులనుండియు చూడదగినట్లు మలచినది చిత్రము. పలకకు అంటియుండి సగము మాత్రమే పైకి లేచినది అర్ధచిత్రము. గోడపైగాని బట్టపైగాని రంగులతో వ్రాసినది చిత్రాభాసము. కాలము ఈ పేర్లను తారుమారు చేసినది. ఆభాసమనిపించుకొన్నదే నేడు చిత్రముగ చెలామణి యగుచున్నది. అసలు చిత్రమునకు శిల్పమను పేరు స్థిరపడినది. నడుమనున్న అర్ధచిత్రమునకు మాత్రము వాడుకలో ఒక నిలుకడయైన పేరు లేకపోయినది. ఉబ్బెత్తు బొమ్మ యని కొందరు, చెక్కుడు పని యని కొందరు, నగిషీ యని కొందరు అందురు. పేరు జారిపోయినను వస్తువు మన కన్నులయెదుటనే యున్నది. గుమ్మముపైని గజలక్ష్మి, రథపు ప్రక్కపలకలమీది దశావతారములు, దేవుని వాహనములకు చుట్టిన లతలు, పూజామందిరపు తలుపులమీది శంఖచక్రములు, ఇవి యన్నియు అర్ధచిత్రములే. కొయ్యపై అర్ధచిత్రమును చెక్కు విద్యను గూర్చియు, అది నేడు ఎవరిచేత ఎట్లు నేర్వబడుచున్నదను విషయమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముప్పదియేండ్లుగ తెలుగు పాఠము చెప్పుకొను వానికి ఉలితో పనియేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పని కలదు. కవిత్వమును గూర్చి మనము చెప్పుకొను మాటలలో సగము వడ్రంగి కొలువునుండి తెచ్చుకొన్నవే. పద్యమును చిత్రిక పట్టితినందుము. శైలియందు చేవ యున్నదందుము. కవి మాటను చెక్కినాడందుము. చిత్రిక కొయ్యను నునుపుచేయు పనిముట్టని గాని, చేవ చెట్టు నడుమనుండు గట్టి భాగమని గాని తలచుకొనకయే ఈ మాటలను వాడుచుందుము. ఈ చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. ఋగ్వేద ఋషులు తమ సూక్తములను వడ్రంగి రథమును చెక్కినట్లు చెక్కితిమని పలుచోట్ల చెప్పుకొనిరి. వారు వాడిన తక్ష ధాతువునుండియే వడ్రంగికి తక్షకుడను పేరు వచ్చినది. వాత్స్యాయనుడు లెక్కించిన చతుష్షష్టి కళలలో తక్షకర్మ, తక్షణము అను రెండును ఉన్నవి. ఇక నగిషీ యను మాట పారసీకమునుండి వచ్చి మన యింట స్థిరపడినది. ఆ మాటయే చేర్యాల, నిర్మల నకాశీ కళాకారులకు వృత్తినామమైనది. వేదమునుండి ఉర్దూ వరకు ఇన్ని భాషలు తనయందు కలిసిన వృత్తిని భాషోపాధ్యాయుడు ఒకమారైనను దగ్గరనుండి చూడవలెనుగదా.

కొయ్యశిల్పము చరిత్రకు చిక్కుట కష్టము. రాయి నిలుచును, కొయ్య నశించును. చెద, వాన, నిప్పు అను మూడును దానికి శత్రువులు. అందుచేత మన ప్రాచీన దారుశిల్పమును చూడవలెనన్న రాతిలోనే చూడవలసి యున్నది. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లియందు కొండను తొలిచి చేసిన గుండ్రని చైత్యగృహమొకటి కలదు. దాని పైకప్పులో, గుడిసెకు వాసములు పరచినట్లు, రాతిలోనే వాసములు చెక్కబడియున్నవి. అవి ఏ బరువును మోయుటలేదు. రాతికి వాసములు అక్కరలేదు; చెక్కిన చేతులకు అలవాటైనది కొయ్య, అంతియే. సాంచీ మహాస్తూపమునకు దక్షిణదిక్కున నున్న తోరణము మీది శాసనములలో ఒకటి శాతకర్ణి మహారాజు కొలువులోని శిల్పులకు పెద్దయైన ఆనందుని పేర్కొనుచున్నది. మరియొకటి విదిశానగరపు దంతపు పనివారు ఆ చెక్కడమును చేసిరని చెప్పుచున్నది. దంతమును, కొయ్యను చెక్కిన చేతులే రాతిపైకి వచ్చినవని దీనివలన ఊహింపవచ్చును. అమరావతి పాలరాతి పలకలమీది ఆ సన్నని పనితనము, ఒకరి వెనుక ఒకరుగ నిలిచిన ఆ జనసమ్మర్దము, అర్ధచిత్రమునకు పరాకాష్ఠ. అట్టిది ఒక్క తరములో పుట్టదు. రాతిలో మిగిలినదానికి వెనుక కొయ్యలో నశించిపోయినది ఎంత యుండెనో!

ఇక ప్రాచీన కాలమునుండి నేటి మన్సూరాబాదునకు వత్తము. ఎల్బీనగరు కూడలికి సమీపముననున్న ఈ పేటలో నేను కాపురముండి చాలకాలమైనది. 2018 సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్బీనగరు వరకు మెట్రో రైలు నడచుట మొదలైన పిదప ఈ తూర్పు పేటల రూపము మరింత వేగముగ మారినది. పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు లేచుచున్నవి. మేడ ఎంత కొత్తదైనను సింహద్వారము మాత్రము పాతపద్ధతిలోనే యుండవలెనని మనవారి కోరిక. గోడలు సిమెంటువి, కిటికీలు అల్యూమినియమువి, గడప మాత్రము టేకుది. దానికి పసుపు పూసి కుంకుమ పెట్టి మామిడాకులు కట్టనిదే గృహప్రవేశము జరుగదు. కాబట్టి చెక్కిన తలుపునకు గిరాకి తగ్గలేదు. తగ్గినది చెక్కు చేతుల సంఖ్య.

మా పేటలోని ఒక తలుపుల దుకాణమున పని యంతయు యంత్రముపై జరుగుచున్నది. కంప్యూటరులో బొమ్మ యుండును. బల్లపై టేకుపలకను బిగింతురు. గిరగిర తిరుగు చిన్న కత్తి ఒకటి ముందునకు వెనుకకు, ప్రక్కలకు, పైకి క్రిందికి కదలుచు, కంప్యూటరు చెప్పిన లోతువరకు కొయ్యను తొలగించుకొనుచు పోవును. చేతితో వారముల తరబడి పట్టు పని గంటలలో ముగియును. రెండవ తలుపు మొదటిదానికి వెంట్రుకవాసి భేదము లేక వచ్చును. దానిని నడుపు యువకుడు తిరుపతి ప్రాంతమువాడు. నేను చూచుచుండగా గజలక్ష్మి పలక యొకటి సిద్ధమైనది. ముఖమునందు ఏదో ప్రాణము కనిపించి, ఈ బొమ్మ ఎక్కడిదని అడిగితిని.

"మా నాయన చెక్కింది సార్. ఆ పలకను స్కాన్ చేసి ఫైలు చేసుకున్నాం. ఈ రెండేండ్లలో ఎన్ని తలుపులకు వేసినామో నాకే లెక్క తెలీదు" అని అతడు బదులు చెప్పెను.

తండ్రి ఇప్పటికిని చేతితోనే చెక్కుచున్నాడట. ఏటేట వేసవిలో కొందరిని ఇంట నుంచుకొని పదునైదు దినములు పని నేర్పుచున్నాడట. "నేర్చుకునేటోళ్ళంతా బయటోళ్ళే సార్. నేను మాత్రం ఇక్కడున్నా" అని నవ్వెను. ఆ నవ్వు నన్ను ఆ వేసవి సెలవులలో తిరుపతి బండి ఎక్కించినది.

కొయ్యశిల్పమునకు తిరుపతి సీమ పుట్టినిల్లు వంటిది. బ్రహ్మోత్సవముల వాహనములు, రథములు, ఆలయముల తలుపులు అక్కడి పనివారికి ఎడతెగని పోషణ. శ్రీకాళహస్తి సమీపమునగల మాధవమాల గ్రామము కొయ్యబొమ్మలకు పేరెన్నికగన్నది. శేషాచలపు అడవులలో పెరుగు ఎఱ్ఱచందనము ప్రపంచమున మరెక్కడను సహజముగ అంతగా పెరుగదు. దాని అంతర్జాతీయ వ్యాపారమునకు 1995 నుండి కట్టుదిట్టములు ఏర్పడినవి. అనుమతితో లభించు కొలది కొయ్యతోనే అక్కడివారు బొమ్మలు చేయవలసియున్నది. 1960లో తిరుమల తిరుపతి దేవస్థానము సంప్రదాయ శిల్పశిక్షణకై తిరుపతియందు ఒక సంస్థను స్థాపించినది. ఆలయనిర్మాణము, శిలాశిల్పము, సుధాశిల్పము, లోహశిల్పము, దారుశిల్పము, సంప్రదాయ చిత్రలేఖనము అచట బోధింపబడుచున్నవి. అంతకు మూడేండ్ల ముందు, 1957లో, మద్రాసు ప్రభుత్వము మహాబలిపురమున ఇట్టి పాఠశాలనే నెలకొల్పియుండెను. తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించు విద్య బడికి ఎక్కినది ఆ దినములలోనే. అయితే ఆ బడులలో చదువు ఏండ్లమీద సాగునది. ఉద్యోగము చేసికొనువారికి, వయసు మీరినవారికి, చూచి పోదలచినవారికి అది సాధ్యము కాదు. వారికి మిగిలినది వేసవి.

నేను చేరిన చోటు బడి కాదు, ఒక ఆచారిగారి ఇల్లు. ఇంటివెనుక రేకులకప్పు క్రింద కార్యశాల. మొత్తము ఆరుగురము. లలితకళల కళాశాలలో చదువు ఒక బాలిక, పాలిటెక్నిక్కు చదువు ఇరువురు బాలురు, బ్యాంకు ఉద్యోగమునుండి విరమించిన పెద్దమనిషి యొకరు, ప్రక్క ఊరి కుమ్మరి ఇంటి కుఱ్ఱవాడొకడు, ఆరవవాడను నేను. రాత్రులు మిద్దెపై పడుక. ఎండ ముదరకముందే, తెల్లవారుజామున అయిదున్నరకే పని ఆరంభము. పదకొండు గంటలకు రాగిసంగటి, ఊరిబిండి. మధ్యాహ్నము విశ్రాంతి, చల్లబడిన పిదప దీపములు పెట్టువరకు మరల పని. గురుకులమను మాట మనము ఉపన్యాసములలో వినుటయే గాని, దాని యర్థము అక్కడ తెలిసినది. పాఠమునకు వేళ యనునది లేదు. తినునప్పుడు, పండుకొన్నప్పుడు, బావికాడ కాళ్ళు కడుగుకొనునప్పుడు గూడ ఏదో యొక ప్రశ్న, ఏదో యొక సమాధానము.

మొదటి మూడు దినములు చెక్కడము లేదు. ఉలులను నూరుటయే పని. ఆచారిగారి వద్ద పదునెనిమిది రకముల ఉలులు కలవు. తిన్నని అంచుగలవి, గోరువలె వంగినవి, లోతుగ గుండ్రముగ నుండునవి, రెండు అంచులు కోణముగ కలియునవి. ఒక్కొక్కదానిని సానరాతిపై ఒక్కొక్క తీరున నడపవలెను. వంపు ఉలిని నూరునప్పుడు మణికట్టును త్రిప్పుచుండవలెను. లేనిచో అంచు మధ్యలో అరిగి మూలలు నిలుచును. నూరినదానిని కాగితపు అంచుపై పరీక్షింతురు. కాగితము చప్పుడు లేక తెగినచో సరే, చిరిగినచో మరల రాతిమీదికే. మొండి ఉలియే చేతిని కోయునని ఆయన చెప్పిన కారణము సబబుగనున్నది. పదునులేని ఉలికి బలము ఎక్కువ పెట్టవలెను. బలము పెట్టిన ఉలి జారినచో ఆపుట కష్టము.

కొయ్య విషయమునను అట్లే. నేర్చుకొనువారికి టేకు ఇయ్యలేదు. టేకు నూనెగల కొయ్య, చిరకాలము నిలుచును; కాని దానిలో ఇసుకవంటి సూక్ష్మపదార్థము ఉండుటచేత ఉలి పదును త్వరగ పోవును. మాకు ఇచ్చినది గుమ్మడి టేకు. పేరులో టేకు ఉన్నను అది వేరు చెట్టు. మెత్తనిది, ఆరిన పిదప అంతగా వంకరపోవనిది. మన ప్రాంతపు బొమ్మల పనివారందరు ఇట్లే తమ పనికి తగిన కొయ్యను ఎన్నుకొన్నారు. కొండపల్లి, నిర్మల వారికి తేలికయైన పొనికి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు నున్నని అంకుడు. బొబ్బిలి వీణకు నాదము పలుకు పనస. కొయ్యను ఎన్నుకొనుటకు మన పూర్వులు ఇచ్చిన ప్రాముఖ్యము వరాహమిహిరుని బృహత్సంహితలో కనిపించును. ప్రతిమకొరకు చెట్టును తెచ్చుటకు అడవికి పోవు విధానమును గూర్చి అందులో ఒక అధ్యాయమే కలదు. చెట్టు నిలిచియున్నప్పుడు ఏ వైపు ఏ దిక్కునకు ఉండెనో, ఏది పైభాగమో ఏది క్రిందిభాగమో గుర్తులు పెట్టుకొని, ప్రతిమను ఆ విధముగనే నిలుపవలెనని ఆయన నియమము. దీనిని ఆచారమని కొట్టివేయవచ్చును. కాని కొయ్యలోని నార ఏ వైపునకు పారుచున్నదో ఎరిగి పనిచేయు ఆచారిగారిని చూచిన పిదప, చెట్టు నిలువును మరువవద్దను మాటలో పనివాని అనుభవము కూడ ఉండవచ్చునని నాకు తోచినది.

నాలవదినమున పలకలు చేతికి వచ్చినవి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళమున్నర మందము. గీయవలసినది ఒక తామరపువ్వు, దాని కాడ, ప్రక్కన ఒక ఆకు. పని సాగు క్రమము ఇది. మొదట గీతవెంబడి నిలువుగాటు. అది హద్దు, అవతలి పేడు లేచివచ్చినప్పుడు ఈ గాటువద్ద ఆగిపోవును, బొమ్మలోనికి చీలదు. పిదప బొమ్మ చుట్టునున్న నేలను దింపుట. మేము దింపినది అర అంగుళము. ఆ నేల అంతయు ఒకే మట్టమున ఉండవలెను. తరువాత బొమ్మలో ఏది ముందున్నదో, ఏది వెనుకనున్నదో నిర్ణయించి, వెనుకవానిని తగ్గించుట. అటుపిమ్మట గుండ్రనము తెచ్చుట. ఆకు ఈనెలు, రేకుల అంచులు, కేసరములు అన్నిటికంటె చివర. నేర్చుకొనువారికి ఈనెలమీదనే మనసు. ఎవరైన ముందుగ ఈనె గీయబోయినచో ఆచారిగారు పలకపై తుండుగుడ్డ కప్పెడివారు.

గుండ్రని రేకును చెక్కునప్పుడు ఒక చిత్రము కనబడును. నార ఒకే దిక్కునకు పారును. రేకు అంచు మాత్రము దిక్కులన్నిటికి తిరుగును. కాబట్టి వృత్తములో ప్రతి పాతికభాగమునకు ఉలి నడపు దిశను మార్చవలెను. నారవెంట పోయినచో కొయ్య నున్నగ తెగి మెరయును. నారకు ఎదురుపోయినచో చీలును. ఏ చోట మార్చవలెనో కంటికంటె ముందు చెవికి తెలియును. తెగు కొయ్య చప్పుడు వేరు, చీలు కొయ్య చప్పుడు వేరు.

"ఉలిని తోయబాకండి అయ్యవారూ. కొయ్య యాడికి పొమ్మంటే ఆడికి పోతాది. మీరు దాని మాట ఇనాల, అంతే" అని ఆయన నాతో పలుమార్లు చెప్పిరి.

అర్ధచిత్రముయొక్క రహస్యమంతయు నీడలో ఉన్నది. అర అంగుళపు లోతులో పువ్వు, దాని వెనుక కాడ, దాని వెనుక ఆకు, ఆ వెనుక నీరు చూపవలెను. నిజమైన లోతులను ఆ అర అంగుళములోనికి కుదింపవలెను. ఎదుటనుండి వెలుగు పడినచో ఆ కుదింపంతయు చదునుగ కనబడును. ప్రక్కనుండి ఏటవాలుగ పడినచో నీడలు లేచి రూపము నిలుచును. అందుచేతనే ఆచారిగారి కార్యశాలలో వెలుగు ఎడమనుండి మాత్రమే వచ్చునట్లు మిగిలిన ప్రక్కలకు తడికలు కట్టబడినవి. తలుపు ఏ గుమ్మమునకు పోవునో, అచ్చట వెలుగు ఎటునుండి వచ్చునో అడిగి తెలిసికొని గాని ఆయన గీత గీయరు. కాడ పలకనుండి కొంచెము లేచి తేలినట్లుండుటకు దాని క్రింద ఉలిని ప్రక్కనుండి పోనిచ్చి సన్నని సందును తొలుతురు. ఆ సందులో చీకటి నిలుచును. ఆ చీకటియే కాడను బ్రదికించును.

ఈ సందును గూర్చియే ఒకనాటి రాత్రి మిద్దెపై సంభాషణ జరిగినది. నేను మన్సూరాబాదులో చూచిన గజలక్ష్మిని ప్రస్తావించితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు.

"చూసినాను అయ్యవారూ. ఫోన్లో పంపినాడు. నేను చెక్కింది ఒక లచ్చిమి. మావాడు దాన్ని నూర్లు జేసినాడు. తప్పనను, కూడు గావాల గదా. పిలకాయల చదువులుండాయి. కానీ తామరకాడ కింద నేను దొలిచిన సందుందే, అది మూసకపోయింది. కాడ పలకకు అతుక్కున్యాది."

"అబ్బాయికి చెప్పినారా, ఆచారిగారూ?"

"వానికి తెల్దా? పదేండ్లప్పుడే వాడు ఆ సందు తొలిచినోడు. మిషనుకు చెయ్యి వంగదు, అంతే."

ఆయన చెప్పినది యథార్థము. పైనుండి దిగు కత్తి కొయ్యకు పైవైపున ఉన్నదానినే చూడగలదు. ఒకదాని క్రిందికి దూరి తొలుచుట ఆ రకపు యంత్రమునకు సాధ్యము కాదు. కాబట్టి కంప్యూటరులో బొమ్మను సిద్ధపరచునప్పుడే క్రింది సందులు పూడిపోవును. కొనువారికి ఆ భేదము తెలియదు. తెలియనిదానికి వెల కట్టువారు లేరు. వెల లేని నేర్పు ఒక తరముతో ఆగిపోవును. పితాపుత్రుల మధ్య కోపము లేదు, కలహము లేదు. ఉన్నది ఆ సన్నని సందు మాత్రమే.

అట్లని యంత్రమును నిందించుట నా అభిప్రాయము కాదు. మోటుపనిని యంత్రముచేత చేయించి, తుదిమెరుగులను చేతితో దిద్దు పద్ధతి నేడు అనేక కార్యశాలలలో నడచుచున్నది. నేను ఊరికి తిరిగివచ్చిన పిదప మా ఇంటి తలుపును ఆ దుకాణముననే చేయించితిని. యంత్రము పని ముగించిన వెనుక, తండ్రి నావెంట పంపిన వంపు ఉలితో ఆ యువకుడు తామరకాడ క్రింది సందును చేతితో తెరచెను. మూడు గంటలు పట్టినది. దుకాణము లెక్కలో ఆ మూడు గంటలకు పద్దు లేదు. నేను వేరుగ ఇచ్చితిని. అతడు మొదట వలదని, పిదప తీసికొనెను. ఆ సాయంకాలము ప్రక్కవాకిలినుండి వెలుగు పడినప్పుడు కాడ క్రింద నీడ నిలుచుట చూచి, ఫోనులో ఛాయాచిత్రము తీసి తండ్రికి పంపెను. ఇంకొక ఇరువురు గిరాకీదారులు అట్టి పనిని అడిగిరని తరువాత తెలిసినది. ఇరువురితో ఒక వృత్తి నిలుచునని నేననను.

ఇచట ఒక ప్రశ్న వచ్చును. పదునైదు దినములలో ఎవడైనను శిల్పి యగునా? కాడు. స్విట్జర్లండులోని బ్రీంజ్ గ్రామమున 1884 నుండి నడచుచున్న కొయ్యశిల్ప పాఠశాలలోగాని, మన తిరుపతిలోగాని అది కొన్ని ఏండ్ల సాధన. మరి ఈ వేసవి చదువులవలన ప్రయోజనమేమి? దీనికి చరిత్రలో ఒక సమాధానము దొరకును. 1866లో ఫిన్లాండు దేశము ఊనో సిగ్నేయుస్ అను విద్యావేత్త ప్రేరణతో చేతిపనిని పాఠశాల చదువులో చేర్చినది. దానిని చూచి స్వీడను దేశమున నేస్ అనుచోట ఓటో సాలమన్ ఉపాధ్యాయులకు కొయ్యపనిని నేర్పు విద్యాలయమును నడపెను. పలు దేశముల ఉపాధ్యాయులు సెలవులలో అచటికి వచ్చి, అచటనే బసచేసి, కత్తి పట్టుటనుండి నేర్చుకొని పోయెడివారు. వారిని వడ్రంగులుగ మార్చుట సాలమన్ ఆశయము కాదు. చేతికి, కంటికి, మనస్సునకు పొందిక కుదురవలెననియు, శ్రమయెడ గౌరవము కలుగవలెననియు ఆయన ఆశయము. మన దేశమున 1937లో వార్ధాయందు గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యకు కూడ చేతిపనియే పునాది. ఆ ప్రణాళికను రూపొందించిన సంఘమునకు అధ్యక్షత వహించిన జాకిర్ హుస్సేన్ జన్మించినది మన హైదరాబాదులోనే. ఆ ప్రయత్నము తరువాత ఏమైనదో పాఠకులెరుగుదురు. చేతిపని పీరియడు మిగిలెను, చేతిపని పోయెను.

వేసవి చదువు చేయునది శిల్పులను కాదు, చూపుగలవారిని. మా ఆరుగురిలో శిల్పి యగునది ఆ కుమ్మరి ఇంటి కుఱ్ఱవాడొక్కడేమో. అతని వ్రేళ్ళకు మట్టి ముందే గుండ్రనము నేర్పియుండెను. లలితకళల బాలిక కూడ మరుసటి వేసవికి వచ్చెదనని చెప్పినది. వారు తప్ప మిగిలిన మేము ఇకమీదట తలుపు కొననున్న గిరాకీదారులము. కాడ క్రింద సందు ఉన్నదా లేదా యని వంగి చూచు గిరాకీదారులము. పాటకు శ్రోత ఎంతయో, శిల్పమునకు చూపరి అంత. సంగీతసభలో కూర్చున్నవారందరు గాయకులు కారు. కాని వారిలో తాళము తెలిసినవారు లేనిచో గాయకుడు తాళమును అశ్రద్ధచేయుటకు ఎంతో కాలము పట్టదు.

అవసరము లేదనుటకు వీలులేదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథము అగ్నికి ఆహుతియైనది. సుమారు నలుబది అడుగుల ఎత్తుగల టేకు రథమది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము వీథిలోనికి రాగలిగినదన్న, దానిని చేయగల చేతులు అప్పటికి మిగిలియుండుటచేతనే. 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామమందిరమునకు తలుపులను సిద్ధపరచినది హైదరాబాదునకు చెందిన కలప సంస్థ. టేకు బల్లార్షానుండి వచ్చినది. చెక్కిన శిల్పులు మాత్రము తమిళనాటివారు. వారిని ప్రశంసింపవలసినదే. కాని ఇంతటి గిరాకి మన ముంగిట నుండగా, మన పిల్లల చేతిలో ఉలి లేకపోవుట ఆలోచింపదగిన విషయము.

ఈ విద్య ఒక కులమునకు చెందినదను తలంపు కూడ సడలుచున్నది. విశ్వకర్మ కుటుంబములు వేలయేండ్లు దీనిని కాపాడినవి. ఆ ఋణము తీరునది కాదు. కాని వారి బిడ్డలే వేరు బ్రదుకుతెరువులకు పోవుచున్నప్పుడు, వచ్చినవారికి నేర్పక తప్పదు. ఆచారిగారి తండ్రి కాలమున పరులు కార్యశాల గడప దాటుటకు వీలులేదట. ఇప్పుడు అదే కార్యశాలలో ఒక బాలిక, కుమ్మరివారి పిల్లవాడు ప్రక్కప్రక్కన కూర్చుండి ఉలి నూరుకొనుచున్నారు. "మా నాయన ఉంటే ఒప్పుకోడు. అయినా ఇయ్యాల అడిగేదెవురు, వీళ్ళు గాక?" అని ఆయనయే అనిరి. ఆ మాటలో బాధయు కలదు, ఔదార్యమును కలదు.

భాషోపాధ్యాయుడనుగ మరియొక సంగతిని విన్నవింపవలసియున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తి పదకోశమును, 1971లో చేనేత పదములతో మరియొక సంపుటమును ప్రకటించినది. ఊరూర తిరిగి, రైతులను, సాలెలను అడిగి సేకరించిన ఆ మాటలలో అనేకము నేడు వినవలెనన్న ఆ పుటలలోనే వినవలెను. కొయ్యశిల్పపు మాటలకు నేడు అట్టి కృషి అవసరమున్నది. ఆచారిగారి పదునెనిమిది ఉలులకు పదునెనిమిది పేర్లున్నవి. వానిలో కొన్ని ఆయన ఊరిలో తప్ప ప్రక్క ఊరిలో తెలియవు. కాడ క్రింది సందునకు, దింపిన నేలకు, నార తిరుగు చోటునకు ఒక్కొక్క మాట కలదు. యంత్రశాలలో ఈ మాటలు అక్కరలేదు. అచట ఫైలు, డెప్త్, ఫినిషింగ్ చాలును. పనిముట్టు మూలపడిన దినముననే దాని పేరును మూలపడును.

కాబట్టి నా మనవి ఇది. మన కళాశాలలకు వేసవిలో రెండు నెలల సెలవులుండును. వసతిగృహములు ఖాళీగ నుండును. ఒక్కొక్క జిల్లాలో ఒక్క కళాశాల, ఒక్క శిల్పిని పిలిచి, పదుగురు విద్యార్థులను ఒక్క పక్షము దినములు ఆయనవద్ద ఉంచినచో అయ్యెడి వ్యయము స్వల్పము. ఆ శిల్పికి గౌరవవేతనము ముట్టును. తెలుగు శాఖవారు ప్రక్కన కూర్చుండి పనిముట్టునకు, పనికి, కొయ్యకు గల పేర్లను వ్రాసికొనవచ్చును. చరిత్రశాఖవారు ఆ జిల్లాలోని పాత రథములను, తలుపులను, మండువా లోగిళ్ళ స్తంభములను ఛాయాచిత్రములు తీసి పట్టిక చేయవచ్చును. పదునెనిమిది ఉలుల పేర్లను నేను వ్రాసికొని వచ్చితిని. తమ ఊరి వడ్రంగులు వాడు పేర్లు ఎరిగిన పాఠకులు వానిని కాగితముపై పెట్టినచో, ఆ జాబితాల ప్రక్కన దీనిని ఉంచుటకు సిద్ధముగ నున్నాను. వచ్చు వేసవికి ఆచారిగారు మరల ఆరుగురిని పిలుచుచున్నారు. ఏడవ చాప పరచుటకు మిద్దెపై చోటున్నదని ఆయన కబురు పంపినారు.